రెండో నూనె

మూడో రోజు మధ్యాహ్నానికి హనుమక్క కుడిచేతి మీద ఆరు బొబ్బలు లేచాయి. మొదటి రెండూ చిట్లిపోయి అంచులు నల్లబడ్డాయి. మిగతా నాలుగింటి మీద బాండ్లిలోంచి చిన్న చుక్క ఎగిరిపడినా ప్రాణం జిల్లుమంటోంది. అయినా గరిటె కింద పెట్టడానికి లేదు. కుళ్ళాయప్ప మేస్త్రీ పక్కనే నిలబడి అరుస్తున్నాడు.

"నల్లగా కావల్ల, నల్లగా! ఎర్రగా తీస్తే ఎవురు తినేకి? ఈడేమన్నా పెండ్లి వంట చేస్తాండామా?"

తినడానికి కాదని ఆమెకూ తెలుసు. తవుడూ, పురుగుపట్టిన శనగపిండీ, పసుపూ కలిపి ముద్ద చేసి, నిమ్మకాయంత ఉండలు నూనెలో వేయాలి. ఎర్రబడినప్పుడు తీయకూడదు. బొగ్గయ్యేదాకా ఉంచాలి. నూనె రంగు మారేదాకా వాయి వెనక వాయి వేస్తూనే ఉండాలి. తీసిన ఉండలను షెడ్డు వెనక గుంతలో పారబోయాలి. మొదటి రోజు రెండో పొయ్యి దగ్గరున్న మారెక్క, కుళ్ళాయప్ప చూడట్లేదనుకుని ఎర్రగా వేగిన నాలుగు ఉండలు కొంగులో వేసుకుంది. అతను చూడనే చూశాడు. అప్పటినుంచి గుంతలో పడిన ప్రతి గంప మీదా ఫినాయిలు చల్లుతున్నాడు.

"పిండి ఫినాయిలు తాగుతాండాది," అంది మారెక్క. ఆమెకు అరవై దాటాయి. పళ్ళు సగం లేవు గానీ మాట పదును తగ్గలేదు. "మేము తింటే నీ గుంతకేమన్నా ఆకలేస్తాదా కుళ్ళాయప్పా?"

"గమ్మునుండు ముసిల్దానా. కూలి ఇస్తాండాం కదా."

"కూలి ఇస్తాండావులే. కడుపు మాత్రం గుంతకి నింపుతాండావు."

మే నెల. కళ్యాణదుర్గం దాటి రాయదుర్గం రోడ్డు మీద రెండు మైళ్ళు పోతే ఎడమచేతి వైపు ఆ రేకుల షెడ్డు. పైన రేకులు, కింద రెండు పొయ్యిలు, మధ్యన ఇద్దరు ఆడవాళ్ళు. బయట నుంచి చూస్తే మాత్రం చల్లగా కనిపించేది, ఎందుకంటే గేటు దగ్గర ఆకుపచ్చ బోర్డు ఉంది. మొదటి రోజు అన్నం క్యారియరు తెచ్చిన కూతురు మల్లీశ్వరి ఆ బోర్డు చదివి వినిపించింది. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది ఆ పిల్ల. 'వ్యర్థం నుంచి డీజిల్. తినే నూనె ఒక్క చుక్క కూడా వాడము.' కింద ఒక చెట్టు, చెట్టు కింద నవ్వుతున్న రైతు.

"మంచి మాటే కదమ్మా," అంది పిల్ల.

హనుమక్క కూడా అప్పుడు మంచి మాటే అనుకుంది.

ఆమెకు నూనెతో నాలుగేళ్ళ సంబంధం ఉంది. బస్టాండు ఎదురుగా ఉన్న రంగన్న హోటల్లో నాలుగేళ్ళు బోకులు తోమింది. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం నుంచి బోండా, వడ. కూలి రోజుకు నలభై రూపాయలు. కూలితో పాటు బాండ్లి అడుగున మిగిలిన నూనె. అది జీతంలో భాగమని ఎవరూ ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆమెకు ముందు ఆ పని చేసిన ముసలమ్మకూ అట్లాగే ఇచ్చేవాళ్ళట. సాయంత్రం పొయ్యి ఆర్పాక చెంబు పట్టుకొని నిలబడితే, రంగన్న మూడు గరిటెలు పోసేవాడు. నల్లగా, చిక్కగా, ఎన్నో రోజుల మిరపకాయల ఘాటుతో.

ఇంటికి తెచ్చి అందులో చింతపండు ఉండ వేసి కాచి, పాత పంచె గుడ్డలో వడగట్టేది. రంగు పోయేది కాదు, వాసన మాత్రం సగం చచ్చేది. దాన్ని వాళ్ళుండే కాలనీలో రెండో నూనె అంటారు. ఆ పేరు కూడా ఇంటి లోపలే. వీధిలో చెంబు మీద కొంగు కప్పుకొని నడుస్తారు. ఎదురొచ్చే ఆడమనిషి చెంబు మీదా కొంగే ఉంటుంది. ఒకరి కొంగు వైపు ఒకరు చూడకుండా, "ఏమక్కా, బువ్వ తింటివా?" అని పలకరించుకొని పోతారు.

హనుమక్క వాళ్ళకు రెండెకరాల చేను ఉంది. వాన పడిన ఏడు అందులో వేరుశనగ వేస్తారు. కాయ ఇంట్లో నాలుగు రోజులు కూడా నిలవదు. విత్తనాల అప్పు ఇచ్చినవాడు కళ్ళం దగ్గరికే వస్తాడు. అది గానుగకు పోయి, నూనె అయి, లీటరు ఎనభై రూపాయల ధర మీద దుకాణంలో కూర్చుంటుంది. వాన పడని ఏడు అదీ లేదు. ఆమె మొగుడు దాసప్ప ఈ వేసవికి ఎవరివో గొర్రెలు తోలుకొని మడకశిర వైపు పోయాడు, ఇంకా తిరిగి రాలేదు.

చలికాలంలో మల్లీశ్వరికి కడుపులో మంట మొదలైంది. తిన్నది పైకి తన్నేది. బడిలో రెండుసార్లు పడిపోయింది. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల నాలుక చూసి, కడుపు నొక్కి, "ఇంట్లో ఏం నూనె వాడతారమ్మా?" అని అడిగింది. వరసలో వెనక కాలనీ వాళ్ళు నలుగురు ఉన్నారు. హనుమక్క తల దించుకొని, "శనక్కాయ నూనె" అంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసింది. ఆ మాత్రలు నెల రోజులు మింగినా పిల్ల కడుపుమంట తగ్గలేదు. తగ్గదని తల్లికి తెలుసు. పిల్లకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

అప్పుడే బయ్యన్న కొడుకు తేజ షెడ్డు కట్టాడు.

బయ్యన్న ఒకప్పుడు మండలాధ్యక్షుడు. కొడుకు బెంగళూరులో ఇంజనీరింగు చదివి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఏదో సభలో ఒక సంగతి విని తిరిగొచ్చాడు. కాగిన నూనెతో డీజిల్ చేయొచ్చు. దానికి సర్కారు సబ్సిడీ ఇస్తుంది. ఒకటే షరతు, మనుషులు తినే నూనె వాడకూడదు, పారబోసే నూనే వాడాలి. హోటలుకు రోజుకు పది లీటర్లు పారబోస్తారని ఆ సభలో చెప్పారు. తేజ మోటారు సైకిలు మీద తిరిగి ఊళ్ళో హోటళ్ళు, బజ్జీ బండ్లు అన్నీ కలిపి నలభై ఉన్నాయని తేల్చాడు. రోజుకు నాలుగువందల లీటర్లు. బ్యాంకు అప్పు తెచ్చాడు, యంత్రాలు దించాడు, సబ్సిడీలో మొదటి వాయిదా తీసుకున్నాడు.

లెక్క తప్పలేదు. ఊరు తప్పింది. బెంగళూరులో పారబోస్తారేమో గానీ కళ్యాణదుర్గంలో నూనె పారబోసే మనిషి పుట్టలేదు. పాత నూనెలోనే కొత్త నూనె పోసి కాస్తారు. ఆ కొత్తది పాతదయ్యాక మళ్ళీ పోస్తారు. చివరికి అడుగున మిగిలేది హనుమక్క లాంటి వాళ్ళ చెంబుల్లోకి పోతుంది. తేజ లీటరుకు పన్నెండు రూపాయలు ఇస్తాననేసరికి ఆ చెంబుల్లో నూనె మాత్రం ఆగిపోయింది.

"నూనె పొయ్యన్నా," అని ఆ సాయంత్రం ఎప్పటిలాగే చెంబు చాపింది హనుమక్క.

"నూనెకి రేటొచ్చిందమ్మే. ఇంగ లేదు," అన్నాడు రంగన్న.

"అట్లయితే కూలి పెంచు."

"ఏంటికి పెంచల్ల? పారేసేదానికి గూడా కూలి కట్టల్లనా?"

"పారేసేదైతే పన్నెండు రూపాయలకి ఏంటికి అమ్ముతాండావు?"

హోటల్లో టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. రంగన్నకు అది తగిలింది. ఆమె చేతిలోని చెంబు లాక్కొని రోడ్డు మీదికి విసిరాడు. "బోకులు తోమేకి నీ అట్లాంటోళ్ళు పది మంది దొరుకుతారు, పో!" చెంబుకు సొట్ట పడింది. పని పోయింది.

రెండు నెలలు తిరిగినా తేజకు ఎనభై లీటర్లు దాటలేదు. ఈలోగా పైనుంచి కాగితం వచ్చింది. ఆఫీసరు వచ్చి పదిహేనువందల లీటర్ల వ్యర్థపు నూనె నిల్వ చూస్తేనే రెండో వాయిదా, పన్నెండు లక్షలు. మర్నాడే కుళ్ళాయప్ప కాలనీకి వచ్చి హనుమక్కనూ మారెక్కనూ పిలిచాడు. రోజుకు డెబ్బై రూపాయలు. ఆఫీసరు వచ్చి పోయాక ఇద్దరికీ పర్మనెంటు, నెలకు రెండు వేలు.

రెండు వేలు. హనుమక్క ఆ రాత్రి పిల్లతో, "ఇంగ దుకాణంలో నూనె కొంటాం" అంది. కొన్నట్టే చెప్పింది.

మొదటి రెండు రోజులూ నూనె డబ్బాల్లో వచ్చింది. రేకు అడ్డం వెనక కుళ్ళాయప్పే డబ్బాలు నింపి తెచ్చేవాడు. మంచి నూనెను ఎందుకు మాడుస్తున్నారని అడిగితే, "మిషనుకి నల్లదే కావల్ల. మంచిది పోస్తే మిషను చెడిపోతాది," అన్నాడు. మిషన్ల సంగతి తనకేం తెలుసని ఆమె ఊరుకుంది.

మూడో రోజు టైము లేకపోయింది. మూడు గంటలకు ఆఫీసరు వస్తుంది. ఇంకా మూడు డ్రమ్ములు నింపాలి. కుళ్ళాయప్ప విసుగ్గా రెండు గోనెసంచులు ఈడ్చుకొచ్చి పొయ్యి పక్కన పడేసి, ఒక కత్తెర విసిరాడు. "మీరే కోసి పోసుకోండి. బిరీన!"

మారెక్క సంచిలో చెయ్యి పెట్టి ఒక పాకీటు తీసింది. తిప్పి చూసింది. వెలుతురులో పెట్టి మళ్ళీ చూసింది.

"ఏమ్మే హనుమక్కా, ఇది చూడు."

"చూసినా."

నీలం గీత, తాటిపండ్ల గుత్తి బొమ్మ, మూలన సర్కారు ముద్ర. సంక్రాంతి నుంచి రెండు నెలలు రేషన్ షాపులో ఇచ్చారు ఈ పాకీటు. కార్డుకు ఒకటి, నలభై రూపాయలు. బయట అదే పామాయిలు అరవై ఐదు. ఆ రెండు నెలలే మల్లీశ్వరి కడుపు పట్టుకోకుండా నిద్రపోయింది. తర్వాత ఆగిపోయింది. ఈ నెలలో హనుమక్క మూడుసార్లు పోయింది షాపుకు. డీలరు రామప్ప మూడుసార్లూ తల ఎత్తకుండానే, "స్టాకు రాలేదు. పైనుంచే రాలేదు. నన్నడిగితే నేనేమన్నా పితికిస్తానా?" అన్నాడు.

"కుళ్ళాయప్పా, ఇది యాడిదప్పా మీకి?" అంది మారెక్క.

"యాడిదైతే నీకేమి? కోసి పొయ్యి."

"రామప్ప రాలేదనె కదా."

"రాలేదన్యాడు కదా? రానిది నీదెట్లయితాది?" అని అతను తన మాటకు తనే నవ్వుకున్నాడు. "నాలుగూర్ల స్టాకు ఈడ ఉండాది. నీ ఒక్కదాని కోసరం ఏడ్చద్దు. పాకీట్లు లెక్కపెట్టినా. ఒకటి తక్కువైతే ఇద్దరి కూలీ లేదు."

హనుమక్క కత్తెర తీసుకుంది. మొదటి పాకీటు మూల కోసి బాండ్లిలో వంచింది. నూనె తేనెరంగు తీగలా జారింది. పది పాకీట్లు పోశాక కూడా బాండ్లి అడుగు కనపడుతూనే ఉంది. ఇనుము మీద పాత గీతలు కూడా. అడుగు కనిపించే నూనెతో వండి ఎన్నాళ్ళయిందో ఆమెకు లెక్కకు అందలేదు. నాలుగేళ్ళుగా నల్ల నూనెను తెల్లగా చేయడానికి చింతపండుతో, పాత గుడ్డలతో తంటాలు పడిన మనిషి, ఈరోజు తెల్ల నూనెను నల్లగా చేయడానికి డెబ్బై రూపాయలు కూలి తీసుకుంటోంది.

తవుడు ఉండలు వేసింది. నూనె బుసకొట్టింది. కాసేపటికి నురగ కమ్మి అడుగు మాయమైంది.

"నాలుగూర్లంట," అంది మారెక్క పొయ్యిలోకి కట్టె తోస్తూ. "నాలుగూర్ల ఆడోళ్ళు షాపుల ముందర నిలబడి ఉంటారు. మనమేమో ఈడ వాళ్ళ నూనె మాడుస్తాండాం. మంచి పనే దొరికె మనకి."

"గమ్మునుండక్కా."

"నేను గమ్మునే ఉండానులే. నాకేమి, పళ్ళు గూడా లేవు. నీ బిడ్డని అడుగు."

హనుమక్క రెండు వేలు, రెండు వేలు అని మనసులో అనుకుంటూ ఉండలు వేసింది. ఆ వాయిలోనే ఆరో బొబ్బ లేచింది.

రెండున్నరకు తేజ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫోను. డ్రమ్ములు చూసి, ఒకదాంట్లో వేలు ముంచి రుద్దుకొని, తృప్తిగా తల ఊపాడు. వాసన కోసం ప్రతి డ్రమ్ములోనూ హోటళ్ళ నుంచి తెచ్చిన పాత నూనె తలా కాస్త కలపమన్నాడు. తర్వాత హనుమక్కను పక్కకు పిలిచాడు. గొంతు మెత్తగా ఉంది.

"అక్కా, మేడమ్ హైదరాబాద్ నుంచి వస్తాంది. నువ్వు హోటళ్ళ నుంచి నూనె తెచ్చే ఆడోళ్ళ సంఘానికి లీడరువని చెప్పినా. ఒక్క మాట అడుగుతాది, ఈ నూనె ఎవురన్నా తింటారా అని. ఎవురూ తినరు, పారబోస్తారు అనల్ల. అంతే."

"అవి రేషన్ పాకీట్లు తేజన్నా."

తేజ ఒక్క క్షణం ఆమె మొహం చూశాడు. "తెలుసక్కా. ఈ ఒక్కసారే. వాయిదా దుడ్లు వచ్చినాంక బళ్ళారి నుంచి, అనంతపురం నుంచి నిజంగానే పాత నూనె తెప్పిస్తాం. తినే నూనెని డీజిల్ చేస్తే పేదోళ్ళ నోరు కొట్టినట్ల అని నాకు తెలీదా? అందుకే కదా ఈ ఫ్యాక్టరీ పెట్టింది."

ఆ మాట అతను నమ్మే అన్నాడు. అదే వినడానికి కష్టంగా ఉంది.

"నీ ఉద్యోగం గూడా దాంట్లోనే ఉండాది. మర్చిపోవద్దు," అని ఆకుపచ్చ ఏప్రన్ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "ఆ చేతికేమైంది? కొంగు కప్పుకో."

కొంగు కప్పుకోవడం ఆమెకు కొత్త కాదు. కప్పుకుంది.

మూడుంపావుకు జీపు వచ్చింది. కుళ్ళాయప్ప మిగిలిన సంచులు రేకు అడ్డం వెనక పడేసి గోనెపట్టా కప్పాడు. పొగ రావాలని, నూనె శుద్ధి చేస్తున్నట్టు కనపడాలని పొయ్యిలు ఆర్పనివ్వలేదు. హనుమక్కను ముందుకు పంపి, రెండు బాండ్లీలూ చూసుకోమని మారెక్కతో చెప్పాడు. ఆఫీసరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. నూలు చీర, మెడ మీద చెమట, దారి పొడుగునా అలసిన మొహం. డ్రమ్ములు లెక్కపెట్టింది. కర్ర ముంచి చూసింది, వాసన చూసింది, గాజుగొట్టంలో రెండు చుక్కలు పోసి మందు కలిపి ఊపింది. ఏదో రాసుకుంది.

"బాగానే ఉంది," అంది తేజతో. "మంచి ప్రయత్నం. అందరూ విత్తనాలు, మంచి నూనెలు అంటున్నారు. వ్యర్థంతో చేసేవాళ్ళు తక్కువ. ఒక్క కాలమ్ మిగిలింది. ముడిసరుకు స్థానికంగా ఆహారంగా వాడుకలో లేదని సేకరించే మనిషి చెప్పాలి."

తేజ చెయ్యి ఊపాడు. ఆకుపచ్చ ఏప్రన్ కట్టుకున్న హనుమక్క ఇంకో రెండు అడుగులు ముందుకు వచ్చింది.

"పేరేమిటమ్మా?"

"హనుమక్క."

"హోటళ్ళ నుంచి ఈ నూనె నువ్వే తెస్తావా?"

"అక్కే మేడమ్, లీడరు," అన్నాడు తేజ.

"ఆమెను చెప్పనివ్వండి. ఏమ్మా, ఇలాంటి నూనె మీ ఊళ్ళో ఎవరైనా తింటారా?"

హనుమక్క నోరు తెరిచేలోపు తేజ నవ్వాడు. "దీన్నా మేడమ్? కుక్క గూడా ముట్టదు."

ఆఫీసరమ్మ కూడా చిన్నగా నవ్వింది. కుళ్ళాయప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు. కాగితం మీద పెన్ను సిద్ధంగా ఉంది. అడిగిన తీరు అచ్చం డాక్టరమ్మ అడిగినట్టే ఉంది. తల ఎత్తకుండా, రాసుకోవడానికి. హనుమక్క నోట్లోకి అప్పటి అబద్ధమే వచ్చి నిలబడింది. చెబితే రెండు వేలు. చెప్పడానికి అలవాటు కూడా ఉంది.

"మేము తింటాం," అంది.

ఆఫీసరమ్మ తల ఎత్తింది. "ఏమిటమ్మా?"

"ఈ నల్లనూనె మేము తింటాం మేడమ్. నాలుగేండ్లుగా తింటాండాం. మా కాలనీలో సగం ఇండ్లల్లో ఇదే. రెండో నూనె అంటాం. చెంబు మీద కొంగు కప్పుకోని తెచ్చుకుంటాం, సిగ్గుపడి. నా కూతురికి కడుపు మంట పుడితే డాక్టరమ్మ ఏం నూనె అని అడిగింది. శనక్కాయ నూనె అని చెప్పినా. ఆ యమ్మ నేను చెప్పిందానికి మందిచ్చె. నా బిడ్డ రోగానికి ఇయ్యలేదు."

"అక్కా!" అన్నాడు తేజ. వెంటనే ఆఫీసరమ్మ వైపు తిరిగాడు. "హోటల్లో పని పోయింది మేడమ్ ఈమెకి. ఆ కోపంతో..."

"పోయింది. నా చెంబులో నూనె నువ్వు కొంటివి, అందుకే పోయింది," అంది హనుమక్క. "ఈ డ్రమ్ముల్లో ఉండేది ఆ నూనె గూడా కాదు మేడమ్. అది వాసనకి తలా కాస్త కలిపినారు. తక్కింది రేషన్ నూనె. నేనే మాడ్చినా. ఇదో," అని కొంగు తీసేసి చెయ్యి చాపింది.

ఆరు బొబ్బలు. ఆఫీసరమ్మ వాటిని చూసింది, డ్రమ్ములను చూసింది, తేజను చూసింది. చేతిగడియారం కూడా చూసుకుంది.

"నేను నూనె గురించి అడిగానమ్మా," అంది. "రేషన్ సంగతి మా శాఖ కాదు."

"నేనూ నూనె గురించే చెప్తాండా మేడమ్."

పెన్ను కాగితం మీదికి దిగలేదు. మూతా పడలేదు. ఆ కాలమ్ అట్లా ఖాళీగానే ఉంది.

"ముసుగేసుకున్న దొంగముండ!" అని కుళ్ళాయప్ప మీదికి రాబోయాడు. తేజ చెయ్యి అడ్డం పెట్టాడు, ఆఫీసరమ్మ ముందు గొడవ వద్దని. "అక్కా, నువ్వు ఇంటికి పో. రేపు మాట్లాడతాం," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "నీ ఉద్యోగం సంగతి గూడా రేపే."

హనుమక్క ఏప్రన్ ముడి విప్పింది. మడత పెట్టి డ్రమ్ము మీద ఉంచింది. ఇంటికి పోవడానికి గేటు వైపు నడవలేదు. రేకు అడ్డం వెనక్కి పోయింది. గోనెపట్టా లాగిన చప్పుడు అందరికీ వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో నీలం గీత పాకీటు ఒకటి ఉంది. దాని మీద కొంగు కప్పలేదు.

"నా కార్డుది ఇది. మూడుసార్లు పోయినా రాలేదన్యారు. నలభై రూపాయలు నా కూలీలో పట్టుకోండి."

"యాడికి తీసకపోతావు? పెట్టు ఆడ!" కుళ్ళాయప్ప గేటు దగ్గరికి పరుగెత్తి గొళ్ళెం వేసి తాళం పెట్టాడు. తాళంచెవి జేబులో వేసుకొని, గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "కదిలితే చూడు!"

ఆమె గేటుదాకా నడిచింది. అతని ముందు, రెండు మూరల దూరంలో ఆగింది. గేటు అవతల రోడ్డు మీద కంకర లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఇవతల పాకీటు పట్టుకొని ఆమె. ఎండలో అందులోని నూనె మెరుస్తోంది. జీపు డ్రైవరు బీడీ వెలిగించడం కూడా మరిచి చూస్తున్నాడు.

పొయ్యి దగ్గర మారెక్క గరిటె కింద పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"మారెక్కా, వాయి తియ్యి! మాడిపోతాండాది!" అని అరిచాడు కుళ్ళాయప్ప, గేటు వదలకుండా.

"నల్లగా కావల్లంటివి కదప్పా," అంది ముసలమ్మ. రేకు అడ్డం వెనక్కి నడుస్తూ అంది ఆ మాట, తన పాకీటు తెచ్చుకోవడానికి.

బాండ్లిలో ఉండలు బొగ్గు దాటి పొగలోకి మారుతున్నాయి. ఆ పొగ షెడ్డంతా కమ్మి, డ్రమ్ముల మీదుగా, తెరిచిన కాగితం పట్టుకొని నిలబడిన ఆఫీసరమ్మ మీదుగా గేటు వైపు వస్తోంది. వాయి తీయడానికి ఎవరూ పోలేదు.